నెట్ రావడం లేదా? ముందు పింగ్ చేసి చూడండి



మన వార్షిక సంచికలో ప్రతి ఏటా కవితలు, కథలు, సూక్తులు వస్తుంటాయి. ఈసారి ఒక చిన్న కంప్యూటర్ పాఠం రాయాలని అనుకున్నాము. ఇది మేము పుస్తకం చదివి నేర్చుకున్నది కాదు. ఒక సంవత్సరం పోగొట్టుకుని నేర్చుకున్నది.

డిగ్రీ అయిన ఏడాది పి.జి. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి చివరి రోజున ఒక ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాము. ఫీజు డబ్బులు ఆ రోజుకే చేతికి అందాయి. సెంటరు ఆయన రెండుమూడుసార్లు నొక్కి చూసి "సర్వర్ డౌన్, అందరికీ ఇంతే, గడువు పెంచుతారులే" అన్నారు. నమ్మి బస్సెక్కి ఊరు వెళ్ళిపోయాము. గడువు పెంచలేదు. అదే సాయంత్రం అదే వీధిలో ఇంకో షాపులో మా స్నేహితుడు దరఖాస్తు పూర్తి చేశాడని తర్వాత తెలిసింది. అంటే సర్వర్ బాగానే ఉంది. చెడిపోయింది ఆ షాపులోని కనెక్షన్ మాత్రమే.

మా అమ్మ పలాసలో జీడిపిక్కల పనికి వెళుతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివినవారు మాకు ముందు ఎవరూ లేరు. సంగతి విని అమ్మ ఒకే మాట అడిగింది: "ఆ మిషను పాడైతే నీ సదువెందుకు ఆగిపోవాల్రా?" ఆ రోజు జవాబు చెప్పలేకపోయాము. ఈ వ్యాసమే ఆ జవాబు.

కనబడని దెబ్బ

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలు నేలకూలాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. అప్పుడు నెట్ ఎందుకు లేదని ఎవరూ అడగనక్కరలేదు. స్తంభం పడి ఉండటం కళ్ళకు కనబడుతోంది. కానీ మామూలు రోజుల్లో దెబ్బ ఎక్కడ తగిలిందో కనబడదు. తీగ ఊడినా, రూటరు మొరాయించినా, ఆ చివర సర్వర్ ఆగినా తెర మీద కనబడేది ఒక్కటే: పేజీ తెరుచుకోదు. కాబట్టి "నెట్ రావడం లేదు" అన్నది జవాబు కాదు. అది ప్రశ్నకు మొదలు మాత్రమే. ఎక్కడి దాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది కనుక్కోవాలి. అందుకు కావలసిన సాధనాలు ప్రతి విండోస్ కంప్యూటర్‌లో ఉచితంగానే ఉన్నాయి.

పింగ్ అంటే ఏమిటి?

విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం మీలో చాలామంది చూసే ఉంటారు. నీటి కింద కళ్ళు పనిచేయవు కనుక జలాంతర్గాములు, ఓడలు సోనార్ అనే పద్ధతి వాడతాయి. ఒక శబ్దాన్ని పంపి, అది దేనికైనా తగిలి తిరిగి వచ్చేదాకా ఎంత సమయం పట్టిందో చూసి దూరం లెక్క కడతాయి. 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధనాలయంలో మైక్ మూస్ అనే ఆయన, తమ నెట్‌వర్క్‌లో వచ్చిన ఇబ్బందిని కనుక్కోవడానికి ఇలాంటి ప్రోగ్రామే రాశారు. సోనార్ చేసే శబ్దాన్ని బట్టే దానికి పింగ్ అని పేరు పెట్టారు.

మనం నూతిలోకి వంగి "ఓయ్" అంటే తిరిగి "ఓయ్" అని వినబడుతుంది. పింగ్ చేసే పని కూడా అంతే. విండోస్‌లో అది 32 బైట్ల చిన్న పొట్లాన్ని 4 సార్లు పంపుతుంది. అవతలి యంత్రం "అందింది" అని తిప్పి పంపాలి. రావడానికి పట్టిన సమయాన్ని మిల్లీ సెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతు లెక్కలో చూపిస్తుంది. చివర ఎన్ని పోయాయో శాతంలో చెబుతుంది.

ఎలా పరీక్షించాలి?

ముందుగా తీగ సరిగా బిగించి ఉందో లేదో, రూటరు దీపాలు వెలుగుతున్నాయో లేదో చూడండి. తరువాత కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో సి, ఎం, డి అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. నల్లని కిటికీ తెరుచుకుంటుంది. భయపడకండి, ఈ కింది పరీక్షల వల్ల ఏదీ పాడవదు.

1. మన చిరునామా: ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్న చోట 192.168తో గానీ, 10తో గానీ మొదలయ్యే అంకెలుంటే సాధారణంగా రూటరు మనకు చిరునామా ఇచ్చినట్టే. 169.254తో మొదలైతే ఎవరూ ఇవ్వలేదు, కంప్యూటరే సొంతంగా పెట్టుకుందని అర్థం. తీగను, వైఫైని, రూటరును చూడాలి. అక్కడే డిఫాల్ట్ గేట్‌వే అని ఇంకో అంకె ఉంటుంది. మన గది నుండి బయటకు వెళ్ళే గుమ్మం అదే. కాగితం మీద రాసుకోండి.

2. మన యంత్రం: పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, 127.0.0.1 కొట్టండి. ఇది ఏ కంప్యూటరుకైనా తన సొంత చిరునామా. జవాబు రాకపోతే లోపం మన కంప్యూటరులోనే ఉంది.

3. గుమ్మం: రాసుకున్న గేట్‌వే అంకెను పింగ్ చేయండి. జవాబు రాకపోతే లోపం మనకూ రూటరుకూ మధ్య ఉన్నట్టు అనుమానించాలి.

4. బయటి లోకం: 8.8.8.8ను పింగ్ చేయండి. ఇది 2009 నుండి గూగుల్ అందరికీ ఉచితంగా నడుపుతున్న సర్వర్. గుమ్మం పలికి ఇది పలకకపోతే, చాలావరకు లోపం రూటరు దాటిన తరువాత ఉంటుంది. నెట్ ఇచ్చేవారికి ఫోన్ చేయాలి.

5. పేరు: ఇప్పుడు వెబ్‌సైట్ పేరుతో పింగ్ చేయండి. కంప్యూటర్లకు పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. పేరును అంకెగా మార్చి చెప్పే ఏర్పాటును డీఎన్ఎస్ అంటారు. 8.8.8.8 పలికి, ఏ పేరు కొట్టినా "కుడ్ నాట్ ఫైండ్ హోస్ట్" అని వస్తే దారి బాగానే ఉంది, చిరునామా చెప్పేవాడే పలకడం లేదన్నమాట.

ఒక జాగ్రత్త. కొన్ని వెబ్‌సైట్లు భద్రత కోసం పింగ్‌కు జవాబివ్వవు. పేరుకు అంకె కనబడి "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని వచ్చినంత మాత్రాన ఆ సర్వర్ చచ్చిపోయిందని అనుకోకూడదు. సెల్‌ఫోన్ డేటాతో అదే పేజీ తెరిచి చూస్తే నిజం తెలుస్తుంది.

దారిలో ఎక్కడ ఆగింది?

పలాస నుండి విశాఖ వెళ్ళే బస్సు టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం, భోగాపురం దాటుకుంటూ వెళుతుంది. మనం పంపే పొట్లం కూడా అలాగే రూటరు తరువాత రూటరు దాటుతుంది. ట్రేసర్ట్ అనే ఆదేశం మొదటి పొట్లాన్ని "మొదటి స్టాపులోనే ఆగు", తరువాతి దాన్ని "రెండో స్టాపులో ఆగు" అని పంపుతుంది. ఆగిన ప్రతి చోటి నుండి ఒక కబురు వస్తుంది. అలా మామూలుగా 30 స్టాపుల వరకు చూపిస్తుంది. మధ్యలో ఒకచోట నక్షత్రం గుర్తులు వచ్చి తరువాతి స్టాపులు మళ్ళీ పలికితే కంగారు లేదు. అక్కడి నుండి చివరి దాకా నక్షత్రాలే అయితే ఆ దరిదాపుల్లో అనుమానించాలి. పింగ్‌ను, ట్రేసర్ట్‌ను కలిపి ఒకే పట్టికలో చూపే విన్‌ఎంటీఆర్ అనే ఉచిత ప్రోగ్రాం కూడా ఉంది.

ఎంత సమయం పడితే ఎక్కువ? గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. 750 కిలోమీటర్ల దూరంలోని సర్వర్‌కు రానూ పోనూ 1500 కిలోమీటర్లు. అంటే 7.5 మిల్లీ సెకన్లు. దారిలో మలుపులు, మజిలీలు ఉంటాయి కనుక 30, 40 వచ్చినా మామూలే. 500 దాటినా, 4 పొట్లాల్లో 2 పోయినా దారిలో ఇబ్బంది ఉన్నట్టే.

నేర్చుకున్నది పనికొచ్చిన రోజు

క్రిందటి ఏడాది మన హాస్టల్లో డిగ్రీ రెండో సంవత్సరం తమ్ముడికి స్కాలర్‌షిప్ దరఖాస్తు చివరి రోజు వచ్చింది. పేజీ తెరుచుకోలేదు. "సర్వర్ డౌన్ అన్నయ్యా" అన్నాడు. ఆ మాట వినగానే మాకు గుండె ఝల్లుమంది. కూర్చుని ఒక్కొక్కటే పరీక్షించాము. గుమ్మం పలికింది. 8.8.8.8 పలికింది. పేర్లు మాత్రం పలకలేదు. వార్డెన్ గారి అనుమతితో నెట్‌వర్క్ సెట్టింగులలో డీఎన్ఎస్ అన్న చోట 8.8.8.8 అని మార్చాము. పేజీ తెరుచుకుంది. తమ్ముడి దరఖాస్తు వెళ్ళింది.

ప్రతిసారీ మన చేతిలోనే బాగుపడుతుందని చెప్పలేము. లోపం బయట ఉంటే మనం చేయగలిగింది ఫిర్యాదే. అయితే "నెట్ రావట్లేదండీ" అంటే వినేవారు తక్కువ. "ఫలానా తేదీ, ఫలానా గంటకు గేట్‌వే పలికింది, 8.8.8.8 పలకలేదు, 4కు 4 పోయాయి" అని చీటీ మీద రాసి, తెర ఫోటో తీసి చూపిస్తే తోసిపుచ్చడం కష్టం. ఈలోగా ఇంకో కనెక్షన్ వెతుక్కోవడానికి సమయమూ మిగులుతుంది.

సోదరులారా! మనలో చాలామందిమి మన ఇళ్ళలో మొదటిసారి చదువుకుంటున్నవాళ్ళం. తెర మీద ఏదైనా ఆగిపోతే "మనకే చేతకాలేదు" అనుకుని తల దించుకుని వచ్చేస్తాం. లేదా ఎదుటివారు ఏది చెబితే అది నమ్మేస్తాం. మేము రెండూ చేశాము. ఇకమీదట ఎవరైనా "సర్వర్ డౌన్" అంటే, "ఒక్క నిమిషం, పింగ్ చేసి చూద్దామండీ" అని మర్యాదగా అడగండి. అమ్మ అడిగిన ప్రశ్నకు మాకు దొరికిన జవాబు అదే.

ఈ పరీక్షలు చేసి చూడాలనుకునే తమ్ముళ్ళు ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ గదికి రండి, కలిసి చేద్దాం.