కామ వదులైన గొడ్డలి

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 19:5, రాజులు రెండవ గ్రంథము 6:1-7, ప్రసంగి 10:10



ఒక వర్షాకాలమున మేము కొందరు యౌవనస్థులతో కూడ తూర్పు కనుమలలో ఒక కొండ దిగువన రెండు రాత్రులు బస చేసితిమి. వంటచెరకు నిమిత్తము ఎరువు తెచ్చిన చేగొడ్డలి యొకటి మాయొద్ద నుండెను. దాని కామ వదులుగా నున్నదని ఒకరు చెప్పగా, నీళ్లలో నానవేసి, బిగిసినది చాలునంటిమి. మరునాటి మధ్యాహ్నమున ఇనుము ఊడి, ఎదుట నిలిచిన చిన్నవాని మోకాలి క్రింద తగిలెను. శుభ్రమైన గుడ్డ మడిచి, చేయి తీయక గాయముపై గట్టిగా అదిమి, మూడు మైళ్లు మోసికొని పోయి వైద్యునికి చూపితిమి. పిల్లవాడు బాగుపడెను. మా నిర్లక్ష్యమును మాత్రము మేము మరువలేదు.

అడవిలో కట్టెలు కొట్టువాని చేతిలో ఇనుము ఊడి పొరుగువాడు చచ్చుటను గూర్చి ద్వితీయోపదేశకాండము చెప్పుచున్నది. పగలేక, తెలియక చేసినవానికి ఆశ్రయపురము కలదు. అయితే కామ వదులని తెలిసియు గొడ్డలి ఎత్తినవాడు తెలియక చేసితినని చెప్పగలడా? ఈ ప్రశ్నయే మమ్మును ఈ పాఠము వ్రాయ పురికొల్పినది.

మొదటిది, కామ. నానిన కఱ్ఱ ఉబ్బి ఇనుమునకు ఒత్తుకొని నలిగిపోవును. ఆరినప్పుడు మునుపటికంటె వదులగును. కనుక చీల దిగగొట్టవలెను, లేదా క్రొత్త కామ వేయవలెను. గొడ్డలి వెనుక భాగమును సుత్తితో గాని మరియొక గొడ్డలితో గాని కొట్టరాదు. ఇనుప పెచ్చు లేచి కంటికి తగులును.

రెండవది, పదును. మొద్దు గొడ్డలికి బలము ఎక్కువ కావలెనని ప్రసంగి యెరుగును. అంతేకాదు, అది కట్టెలో దిగక జారి కాలిమీదికి వచ్చును. ఆకురాయితో అంచు దిద్ది, సానరాతితో నునుపు చేయవలెను.

మూడవది, నిలుచు విధము. చేగొడ్డలి కామ పొట్టిది గనుక గురి తప్పిన దెబ్బ నేలకంటె ముందు కాలికి చేరును. కావున మోకాళ్లూని, ఎదుట మొద్దు నుంచుకొని, దాని అవతలి అంచున కట్టె పెట్టి కొట్టవలెను. సన్నని కట్టెను చీల్చునప్పుడు అంచును కట్టెకు ఆనించి, రెంటిని కలిపి మొద్దుపై కొట్టుట క్షేమము. అడ్డముగా నరుకునప్పుడు నిట్టనిలువుగా కొట్టక, ఇరుప్రక్కలనుండి ఏటవాలుగా కొట్టి పెచ్చులు లేపవలెను. చేయి చాచి గొడ్డలి త్రిప్పినంత మేర మనుష్యులు గాని తీగెలు గాని ఉండరాదు.

నాలుగవది, తడి కట్టె. వానలో నేలపై పడిన కట్టె పనికిరాదు. ఎండి, నేల తాకక నిలిచిన కొమ్మను చీల్చినయెడల లోపలి భాగము పొడిగా నుండును. దానిని సన్నని పేళ్లుగా చెక్కి నిప్పు రాజవేయవచ్చును. పచ్చని చెట్టు జోలికి పోకుడి. రిజర్వు అడవిలో చెట్టు నరుకుట నేరము.

పని ముగిసిన వెంటనే అంచునకు తోలు తొడుగు వేయుడి. యొర్దానులో గొడ్డలి పడిపోయినప్పుడు ఆ శిష్యుడు మొఱ్ఱపెట్టినది అది ఎరువు తెచ్చినదనియే గదా! మేమును ఎరువు తెచ్చినదానికి క్రొత్త కామ వేయించి, సంగతి దాచక చెప్పి, యజమానునికి అప్పగించితిమి. ఈ వారము మీ యింటి గొడ్డలి కామను ఒకసారి కదిలించి చూడుడి.