ఎదుటి పక్షములోని యథార్థత

ఆటలో మన పక్షము గెలువవలెనని కోరుట తప్పు కాదు. అయితే ఎదుటి పక్షమున యథార్థవంతుడైన గురువు కనబడినప్పుడు మనమేమి చేయుదుము?

పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ పోటీ గెలిచిన పిమ్మట, శీతల పానీయపు ప్రకటనవలన రాగల ధనమును నిరాకరించెను. తాను త్రాగనిదానిని పిల్లలకు త్రాగుమని చెప్పనొల్లకపోయెను. గచ్చిబౌలిలో అకాడమీ కొరకు తన యింటిని తాకట్టు పెట్టెను. ఆయన శిష్యురాండ్రయిన సైనా 2012లో కాంస్యమును, సింధు 2016లో రజతమును ఒలింపిక్సులో గెలిచిరి.

సీతాఫల్‌మండిలోని మన పిల్లలు రేపు ఆయన శిష్యుల చేతిలో ఓడినను, ఆ గురువును మెచ్చుకొనుటకు మనము వెనుదీయరాదు. తాను తరిమిన దావీదే తనకంటె నీతిమంతుడని సౌలు ఒప్పుకొనెను గదా (1 సమూయేలు 24:17).

ప్రియులారా, ఆడి వచ్చిన పిల్లలను ఎవరు గెలిచిరని అడిగిన పిమ్మట, ఎదుటివారిలో ఏ మంచి చూచితిరనియు అడుగుదము.