అమ్మణ్ణికి తాత రాసిన కెపాసిటర్ ముచ్చట

అమ్మణ్ణీ,

పది మైక్రోఫారడ్ అని రాసున్న సిరామిక్ కెపాసిటర్ వోల్టేజి ఇవ్వగానే సగానికి పడిపోయిందనీ, విసుగొచ్చి ప్రాజెక్టే వదిలేస్తాననీ నువ్వు రాసినప్పటి నుంచి తాతకు మనసు మనసులో లేదు. ముందు వేళకు అన్నం తిను. తర్వాత ఇది చదువు.

ఆ చిన్న ముక్క నిన్ను మోసం చెయ్యలేదు. దాని లోపలున్నది బేరియం టైటనేట్, పెరోవ్‌స్కైట్ కుటుంబపు ఆక్సైడ్. ఆ స్ఫటికంలో ఆక్సిజన్ అయాన్ల నడుమ టైటానియం కాస్త పక్కకు ఒరిగి ఉంటుంది. విద్యుత్ క్షేత్రం తగిలితే కదులుతుంది. ఆ కదలిక వల్లే దాని రోధక స్థిరాంకం వెయ్యి దాటుతుంది. అభ్రకానికి అది ఆరేడు మాత్రమే. డీసీ వోల్టేజి పెరిగేకొద్దీ ధ్రువాలన్నీ ఒకవైపు బిగుసుకుపోతాయి, కదలడానికి చోటు తగ్గుతుంది, కెపాసిటెన్స్ పడిపోతుంది.

అభ్రకం అంటే గుర్తొచ్చింది. తాత కుర్రతనంలో గూడూరు షెడ్లలో ఆడవాళ్లు కత్తితో అభ్రకాన్ని పొరలు పొరలుగా చీల్చేవారు. సాయంత్రం ఇళ్లకు పోతుంటే చీర కుచ్చిళ్ల నిండా కాకిబంగారం మెరిసేది. రెండో ప్రపంచ యుద్ధంలో కెపాసిటర్లకు వాడే అభ్రకం సరఫరాకు ముప్పు వచ్చాకే అమెరికాలో బదులు పదార్థం కోసం వెతుకులాట ఊపందుకుంది. అమెరికా, రష్యా, జపాన్‌లలో 1940ల తొలి సగంలో బేరియం టైటనేట్ గుణాలు విడివిడిగా బయటపడ్డాయి. బేరియానికి ముడిసరుకు ముగ్గురాయి. మన మంగంపేటలోని దాని నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి.

ఇక అసలు మాట. డేటాషీట్‌లో డీసీ బయాస్ గ్రాఫ్ చూడకుండా ఏ కెపాసిటరూ కొనకు. ఎక్స్7ఆర్ అన్న గుర్తు -55 నుంచి 125 డిగ్రీల దాకా కెపాసిటెన్స్ మార్పు 15 శాతం దాటదని మాత్రమే చెబుతుంది. వోల్టేజి ఊసే ఎత్తదు. అదే విలువకు పెద్ద సైజు తీసుకుంటే పతనం సాధారణంగా తక్కువ. టంకం వేసిన వెంటనే కొలవకు: సుమారు 120 డిగ్రీలు దాటితే స్ఫటికం ఘనాకృతికి మారుతుంది, చల్లారాక విలువ ఎక్కువగా మొదలై మెల్లగా దిగుతుంది. ఒకరోజు ఆగి కొలువు. గ్రాఫ్ చూడు తల్లీ, గ్రాఫ్!

బోర్డు వంచకు, సిరామిక్ పగులుతుంది. వేళ్లు కాల్చుకోకు.

చాలా దోమల మందు యంత్రాల్లో వేడి తనంతట తానే అదుపులో ఉండటానికి కూడా ఈ బేరియం టైటనేటే కారణం. ఇంత పనిమంతురాలిని సగం విలువ చూసి వదిలేస్తావా?

వోల్టేజి మార్చుతూ కొలిచిన అంకెలు ఆదివారం లోపు తాతకు రాసి పంపు.

ఆశీస్సులతో,
తాత