ఎండలో పెట్టిన ముక్కలు

దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఒక ఊరు. ఆ ఊరి పెద్దమ్మ ఒకామె భద్రాచలంలో పండ్ల ముక్కలు అమ్ముతుంది. శ్రీరామనవమికి బేరం బాగా సాగుతుంది.

ఒకరోజు మిగిలిన బొప్పాయి ముక్కలు ఇంటికి తెచ్చింది. మనవడు తిన్నాడు. తెల్లారేసరికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త వచ్చి ఓఆర్ఎస్ పొట్లం కలిపి తాగించింది. సాయంత్రానికి పిల్లవాడు తేరుకున్నాడు.

"ముక్కలు ఎండలోనే పెట్టాను బిడ్డా! ఎండకు క్రిములు చస్తాయంటారు గదా?" అంది పెద్దమ్మ.

"చస్తాయి పెద్దమ్మా. కాని అన్నిచోట్లా చావవు" అంది ఆశా.

పండుకు తోలు గోడ లాంటిది. కోస్తే ఆ గోడ పోతుంది. తోలు మీది మట్టి, కత్తి మురికి, చేతి మురికి ముక్కకు అంటుతాయి. వాటితో క్రిములు వస్తాయి. తీపి రసం వాటికి మేత. వేడికి అవి తొందరగా పెరుగుతాయి.

ఎండలో కంటికి కనపడని కిరణాలు ఉన్నాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. అవి బాగా తగిలితే క్రిములు పెరగలేవు. ఎండ క్రిములను ఆపుతుందని 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు చూపించారు. ఇలాంటి కిరణాలే ఇచ్చే దీపాలు ఇప్పుడు ఉన్నాయి. కోసిన పండ్ల మీద క్రిములు తగ్గించడానికి కూడా వాటిని వాడతారు. ఆ వెలుగు కళ్లకు, చర్మానికి హాని. ఇంట్లో ఆ పని చేయరాదు.

ఆ వెలుగు కూడా పడిన చోటే పని చేస్తుంది. ముక్క అడుగున నీడ ఉంటుంది. ముక్క లోపలికి వెలుగు పోదు. అక్కడి క్రిములు బతుకుతాయి. ఎండలో పెట్టిన ముక్కకు వేడి, ఈగలు, దుమ్ము కూడా తోడవుతాయి.

"అయితే ఎండ మనకు పనికిరాదా?"

"నీళ్లకు పనికొస్తుంది పెద్దమ్మా" అని ఆశా ఇట్లా చెప్పింది:

1. రంగు లేని ప్లాస్టిక్ సీసా తీసుకోవాలి. 2 లీటర్లకు మించరాదు. శుభ్రంగా కడగాలి.
2. నీళ్లు నింపి సీసాను పేపరు మీద నిలబెట్టాలి. మూతిలోంచి కిందికి చూడాలి. పేపరులోని పెద్ద అక్షరాలు చదవగలిగితే నీళ్లు తేటగా ఉన్నట్టు. లేకుంటే వడకట్టాలి.
3. మూత బిగించి మంచి ఎండలో 6 గంటలు పడుకోబెట్టాలి. మబ్బు ఉంటే వరుసగా 2 రోజులు ఉంచాలి. వాన రోజుల్లో నీళ్లు మరగబెట్టాలి.

ఎండతో క్రిములు చస్తాయి. ఫ్లోరైడు, పురుగుమందు మాత్రం పోవు.

పెద్దమ్మ సీసాలోకి తొంగి చూసింది. "భ... ద్రా... చ... లం" అని కూడబలుక్కుని చదివింది. "నీళ్లు మంచివే!" అని నవ్వింది.

ఇప్పుడు పెద్దమ్మ చేతులు, కత్తి సబ్బుతో కడుగుతుంది. పండును కోయకముందే మంచి నీళ్లతో కడుగుతుంది. పండ్లు నీడలో ఉంచుతుంది. అడిగినప్పుడే కోస్తుంది. కోసిన ముక్కల మీద మూత పెడుతుంది. మండే ఎండల్లో గంట దాటిన ముక్కలు ఎవరికీ పెట్టదు.

ఆలోచించండి

1. పండును కోయకముందే ఎందుకు కడగాలి?
2. ముక్కలను ఎండలో పెడితే క్రిములన్నీ ఎందుకు చావవు?
3. మీ ఇంట్లో నీళ్లు తేటగా ఉన్నాయా? సీసాను పేపరు మీద పెట్టి చదివి చూడండి.