కొత్త సర్వరుకు అచ్చు అతకడం

ఈసారి గోడపత్రికలో ఛందస్సు, కథాపరిచయం పక్కన సర్వర్ల గురించి వ్యాసం ఏంటని మీలో కొందరు అనుకోవచ్చు. కారణం సూటిగా చెబుతాను. మన సోలాపూర్ పూర్వ భాగంలో పెళ్లి పత్రికలు, సంఘం కరపత్రాలు, మార్కండేయ రథోత్సవం ఆహ్వానాలు తెలుగులో అచ్చవుతూ వచ్చాయి. చాలా ఏళ్లుగా వీటిని కంప్యూటర్ మీదే కూర్చుతున్నారు. ఆ పాత కంప్యూటర్లు ఇప్పుడు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. వాటితోపాటు లోపలి తెలుగు కూడా పోతోంది. దాన్ని నిలబెట్టుకునే దారుల్లో ఒకటి సర్వర్ వర్చువలైజేషన్.

మా అక్క అక్కల్‌కోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.లో ఒక చద్దర్ల కార్ఖానా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటుంది. ఆమె దగ్గర కూర్చొని నేర్చుకున్నది మన మాటల్లో రాస్తున్నాను. ఆర్ట్స్ వాళ్లకు అర్థం కాదేమో అన్న భయం అక్కర్లేదు. మగ్గం చూసినవాళ్లకు ఇందులో సగం ముందే తెలుసు.

1. వర్చువలైజేషన్ అంటే

జాకార్డు మగ్గం గుర్తు తెచ్చుకోండి. చద్దరు మీద నెమలి రావాలా, పువ్వు రావాలా అన్నది మగ్గంలో ఉండదు, అట్టల్లో ఉంటుంది. అట్టల దండ మారిస్తే అదే మగ్గం మీద వేరే డిజైను పడుతుంది. 1804లో ఫ్రాన్సులోని లియోన్‌కు చెందిన జోసెఫ్ మేరీ జాకార్డు తెచ్చిన పద్ధతి ఇది. చిల్లుల అట్టలతో యంత్రానికి పని చెప్పవచ్చు అన్న ఈ ఆలోచనను చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. 1843లో ఎడా లవ్‌లేస్ ఆ యంత్రం గురించి రాసిన వివరణల్లో జాకార్డు మగ్గాన్ని పోలికగా తెచ్చింది. అంటే కంప్యూటర్ చరిత్రలో నేతకు చుట్టరికం ఉంది.

వర్చువలైజేషన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఇక్కడ డిజైను ఒక్కటే కాదు, మగ్గం మొత్తం అట్టల్లోకి ఎక్కుతుంది. ఒక కంప్యూటర్‌లోని విండోస్, ప్రోగ్రాములు, ఫైళ్లు, సెట్టింగులు అన్నీ కలిపి ఒక పెద్ద ఫైలు అవుతాయి. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. అది అసలు సర్వరు మీద కూర్చొని, లోపలున్న ఒక్కో కంప్యూటర్‌కు 'ఇదిగో నీ ప్రాసెసర్, ఇదిగో నీ మెమొరీ, ఇదిగో నీ డిస్కు' అని పంచి ఇస్తుంది. లోపలి కంప్యూటర్ తనకు సొంత యంత్రం ఉందనే అనుకుంటుంది. అసలు సర్వరును హోస్ట్ అని, లోపలివాటిని గెస్ట్ అని పిలుస్తారు. ఒక గెస్ట్ ఆగిపోయినా మిగిలినవి నడుస్తూనే ఉంటాయి.

ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. ఐ.బి.ఎం. తన పెద్ద కంప్యూటర్ల కోసం 1972లో వి.ఎం./370 అనే వ్యవస్థను ప్రకటించింది. మామూలు సర్వర్లకు దీన్ని తెచ్చినవాటిలో వి.ఎం.వేర్ కంపెనీ ముఖ్యమైనది, అది 1998లో మొదలైంది. 2007లో కె.వి.ఎం. అనే హైపర్‌వైజర్ లినక్స్‌లో భాగమైంది. ఆ కె.వి.ఎం. మీద ఆధారపడినదే ప్రాక్స్‌మాక్స్. ఆస్ట్రియాలోని వియన్నాలో తయారవుతుంది, మొదటి వెర్షన్ 2008లో వచ్చింది. డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. మా అక్క ఎక్కించింది ఇదే.

2. మన తెలుగుకు దీంతో పనేంటి

ప్రెస్సుల్లో తెలుగు ఎక్కువగా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చేవారు. ఈ పాత ఫాంట్లలో ఒక చిక్కుంది. వాటిలో తెలుగు అక్షరానికి సొంత నంబరు లేదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గదుల్లోనే తలకట్టు, గుడి, వత్తు ముక్కలను కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అది చక్కటి తెలుగు. ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుట్ట. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్న యూనికోడ్ పద్ధతిలో తెలుగుకు సొంత వరుస ఉంది కాబట్టి ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది.

కాబట్టి పాత ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే సరిపోదు. ఆ ఫాంటు, ఆ పేజ్‌మేకర్, అది నడిచే విండోస్ ఎక్స్‌పీ అన్నీ కావాలి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగిపోయింది. కొత్త కంప్యూటర్ల మీద దాన్ని నేరుగా ఎక్కించడం దాదాపు కుదరదు.

మా గల్లీలో ఒక ప్రెస్సు మూతపడింది. కంప్యూటర్ భంగార్‌వాలాకు కిలోల లెక్కన వెళ్లిపోయింది. అందులో ఏళ్లతరబడి అచ్చువేసిన పెళ్లి పత్రికలున్నాయి. పత్రిక అంటే ముహూర్తం, విందు మాత్రమే కాదు గదా. ఇంటిపేరు, గోత్రం, తాతల పేర్లు, కొన్నింటిలో కరీంనగర్ వైపో వరంగల్ వైపో ఉన్న మూల ఊరి పేరు కూడా ఉంటాయి. మనం ఎక్కడి నుంచి ఈ ఊరికి వచ్చామో చెప్పే కాగితాలు అవి. మా ఇంట్లో నాయనమ్మతో తెలుగు, అమ్మతో సగం మరాఠీ మాట్లాడతాం. నా తరానికి ఆ ఊర్ల పేర్లు పత్రికల్లో చదవడమే తప్ప ఇంకో ఆధారం తక్కువ.

రెండు సందుల అవతల ఇంకో ప్రెస్సు మామయ్య తన కంప్యూటర్ కూడా అమ్మేద్దామనుకున్నారు. అక్క ఆయన్ని అడిగి, అమ్మకముందే డిస్కు నకలు తీసుకుంది. తర్వాత పనంతా కింద రాస్తున్నాను.

3. హైపర్‌వైజర్ ఎక్కించడం

ముందుగా సర్వరు బయోస్‌లోకి వెళ్లి ప్రాసెసర్ వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఇంటెల్‌లో దీన్ని వి.టి.-ఎక్స్ అని, ఎ.ఎం.డి.లో ఎ.ఎం.డి.-వి అని అంటారు. ఇది ఆఫ్‌లో ఉంటే కె.వి.ఎం. పనిచేయదు.

రెండోది, ప్రాక్స్‌మాక్స్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో బూట్ అయ్యేలా రాసుకొని దాంతో సర్వరును మొదలుపెట్టాలి. ఇన్‌స్టాలర్ ఏ డిస్కు మీద ఎక్కించాలని అడుగుతుంది. ఇక్కడ తొందర పనికిరాదు. ఎంచుకున్న డిస్కు మీద ముందున్నదంతా చెరిగిపోతుంది. అక్క మిగతా డిస్కుల తీగలు పీకేసి, ఎక్కించాల్సిన ఒక్క డిస్కునే ఉంచింది.

మూడోది, సర్వరుకు మారని ఐ.పి. అడ్రసు, పేరు, గట్టి పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఎక్కాక సర్వరు తెర మీద పెద్దగా ఏమీ కనిపించదు. ఆఫీసులో ఇంకో కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ అడ్రసు, చివర 8006 అనే పోర్టు నంబరు కొడితే మొత్తం పెత్తనం అక్కడి నుంచే.

మెమొరీ పంచేటప్పుడు హోస్ట్‌కు కొంత వదలాలి. ఉన్నదంతా గెస్ట్‌లకు పంచేస్తే అన్నీ కలిసి నెమ్మదిస్తాయి. ఎక్స్‌పీకి ఒకటి రెండు జి.బి.లు చాలు. ఆఫీసు లెక్కల గెస్ట్‌కు ఎక్కువ కావాలి.

4. పాత కంప్యూటర్‌ను లోపలికి తేవడం

పాత డిస్కును ఫైళ్లుగా కాకుండా ముక్క వదలకుండా మొత్తం ఒకే ఇమేజ్ ఫైలుగా తీయాలి. దాన్ని కొత్త గెస్ట్‌కు డిస్కుగా తగిలించాలి. ఎక్స్‌పీకి కొత్త రకం డిస్కులు తెలియవు. అందుకే 'నీది పాత ఐ.డి.ఇ. డిస్కే' అని చూపించాలి. లేకపోతే నీలం తెర వచ్చి ఆగిపోతుంది. కొన్ని ప్రోగ్రాములకు డాంగిల్ ఉంటుంది, దాన్ని సర్వరుకు గుచ్చి ఆ గెస్ట్‌కు మాత్రం అప్పగించవచ్చు.

రెండు జాగ్రత్తలు. ఎక్స్‌పీ గెస్ట్‌కు ఇంటర్నెట్ ఇవ్వకూడదు. దాని కన్నాలు పూడ్చేవాళ్లు ఇప్పుడు లేరు. రెండోది లైసెన్సు: పాత కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ లైసెన్సు చాలాసార్లు ఆ యంత్రానికే చెల్లుతుంది. వాడేముందు ఆ సంగతి చూసుకోవాలి.

గెస్ట్ లేచాక పేజ్‌మేకర్‌లో ఒక పత్రిక తెరిచాం. వత్తులతో సహా తెలుగు తెలుగులాగే ఉంది.

5. అప్‌గ్రేడ్

ఎక్కించడం ఒక్కసారి పని. అప్‌గ్రేడ్ మాత్రం కొన్నేళ్లకోసారి తప్పదు. ఇదే అసలు పరీక్ష, ఎందుకంటే ఈసారి సర్వరు ఖాళీగా లేదు. దాని మీద ఆఫీసు లెక్కలు, డిజైన్లు, మామయ్య తెలుగు పత్రికలు అన్నీ ఉన్నాయి.

మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు ఏం చేస్తారో చూశారు కదా. పాత పోగులను అచ్చులోంచి పూర్తిగా లాగేయరు. కొంత కొస వదిలి కోస్తారు. కొత్త పడుగులోని ఒక్కో పోగును పాత కొసకు మెలిపెట్టి అతుకుతారు. తర్వాత మెల్లగా లాగితే అతుకులన్నీ అచ్చు దాటి ముందుకు వస్తాయి. ఇదే అచ్చు అతకడం. మా నాయనమ్మ చాలా ఏళ్లు ఈ పని చేసింది. "పోగు తప్పితే నువ్వు చెప్పకున్నా బట్ట చెప్తది బిడ్డా" అంటుంది. ఉన్న సర్వరు మీదే కొత్త వెర్షన్ తేవడం కూడా ఇంతే. పాతది తీసేయకుండా దాని కొసలకే కొత్త ప్యాకేజీలను అతుకుతారు.

ప్రాక్స్‌మాక్స్ 8 నుంచి 9కి మారేటప్పుడు అక్క పాటించిన వరుస ఇది:

అ) బ్యాకప్. ప్రతి గెస్ట్‌ను వేరే డిస్కు మీదికి, వేరే గదిలోకి. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు. అది సాధారణంగా అదే డిస్కు మీద ఉంటుంది, డిస్కు పోతే అదీ పోతుంది.

ఆ) బ్యాకప్‌ను తిరిగి లేపి చూడటం. వేరే కంప్యూటర్ మీద, నెట్‌వర్క్ తీసేసి, ఒక పత్రిక తెరిచి చదవాలి. తెరవని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

ఇ) మెట్టు దాటకూడదు. 7 నుంచి నేరుగా 9కి వెళ్లలేం. 7 నుంచి 8, అక్కడి నుంచి 9. పైగా 8లో వచ్చిన చివరి అప్‌డేట్లన్నీ ముందు ఎక్కించుకోవాలి.

ఈ) తనిఖీ. ప్రాక్స్‌మాక్స్‌తో పాటే ఒక తనిఖీ ప్రోగ్రాము వస్తుంది. ఏది సరిగా లేదో హెచ్చరికలుగా చూపిస్తుంది. ఎర్ర గీతలు పోయేదాకా ముందుకు కదలకూడదు.

ఉ) గెస్ట్‌లన్నింటినీ పద్ధతిగా ఆపి, ప్యాకేజీల చిరునామా మార్చడం. ప్రాక్స్‌మాక్స్ కింద డెబియన్ లినక్స్ ఉంటుంది. 8 కింద డెబియన్ 12, దాని పేరు బుక్‌వర్మ్. 9 కింద డెబియన్ 13, దాని పేరు ట్రిక్సీ. అన్ని చోట్లా పాత పేరు తీసి కొత్త పేరు రాయాలి. ఒక్కచోట వదిలినా సగం పాత, సగం కొత్త ప్యాకేజీలతో అతుకు కలవదు.

ఊ) అప్‌గ్రేడ్ ఆదేశం. దీన్ని బ్రౌజర్ కిటికీలోంచి ఇవ్వకూడదు, మధ్యలో ఆ కిటికీయే తెగిపోవచ్చు. సర్వరుకు నేరుగా కీబోర్డు, తెర తగిలించి ఇవ్వాలి. యు.పి.ఎస్. నిండుగా ఉండాలి.

ఋ) రీబూట్ తర్వాత పరీక్ష. కొత్త కెర్నెల్‌తో నెట్‌వర్క్ కార్డు పేరు మారిపోయే అవకాశం ఉంది. అప్పుడు సర్వరు బాగానే నడుస్తున్నా బయటికి కనిపించదు. ఇంకో కారణంగా కూడా తెర, కీబోర్డు దగ్గరుండాలి. గెస్ట్‌లను ఒక్కొక్కటే లేపి చూడాలి, అన్నీ ఒకేసారి కాదు.

అక్క ఇదంతా సెలవు రోజున పెట్టుకుంది. అసలు ఆదేశం నడిచింది కొద్దిసేపే. మిగిలిన రెండు రోజులు బ్యాకప్‌లకు, పరీక్షలకే పోయాయి.

6. మార్చకుండా వదిలేస్తే?

"నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలి?" అని ఆఫీసులో అడిగారట. జవాబు 2023 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. వి.ఎం.వేర్ ఇ.ఎస్.ఎక్స్.ఐ. హైపర్‌వైజర్లున్న వేల సర్వర్ల మీద దాడి జరిగింది. గెస్ట్‌ల ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగారు. ఆ దాడికి వాడారని చెప్పిన కన్నానికి కంపెనీ రెండేళ్ల ముందే, 2021 ఫిబ్రవరిలోనే మరమ్మతు విడుదల చేసింది. ఎక్కించుకోనివాళ్లు చిక్కారు. ఒక యంత్రంలో పది యంత్రాలు పెట్టడంలో లాభం ఎంతో ప్రమాదమూ అంతే. కింది నేల కదిలితే పదీ కదులుతాయి.

7. ఇక మన పని

ఎక్స్‌పీని గెస్ట్‌గా బతికించడం శాశ్వత పరిష్కారం కాదు. మనకు వ్యవధి దొరికిందంతే. ఈ లోపల ఆ పత్రికలను యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాములున్నాయి, కానీ అవి వత్తుల దగ్గర, పొల్లుల దగ్గర తడబడతాయి. ఇంటిపేరులో ఒక వత్తు జారితే అది వేరే ఇంటిపేరు. ఊరి పేరులో దీర్ఘం పోతే ఆ ఊరు పటంలో దొరకదు. యంత్రం మార్చినదాన్ని తెలుగు చదవగలిగినవాళ్లు అసలుతో పక్కపక్కన పెట్టి సరిచూడాలి. మన విభాగంలో అలాంటివాళ్లకు కొదవ లేదు.

మామయ్య తన ఫైళ్లు చదవడానికి ఒప్పుకున్నారు. వారానికి ఒక గంట ఇవ్వగలిగినవాళ్లు ఈ కాగితం కింద పేరు రాయండి. మీ ఇంట్లో గానీ, చుట్టాల ఇంట్లో గానీ పాత ప్రెస్సు కంప్యూటర్ ఉంటే భంగార్‌కు వేసేముందు ఒక్క మాట చెప్పండి. యంత్రం అమ్ముకోండి, డిస్కు మాత్రం ఉంచండి.