హద్దు రాయి ఏమైంది?

అక్కలారా, ఈ పాఠంలో ఒక కథ ఉంది. కల్పించిన కథే. అందుకే మనుషులకు పేర్లు పెట్టలేదు. ఇందులోని లెక్కలు, చట్టం మాత్రం నిజమైనవి. చదువుతూ పోండి. రాయి తీసింది ఎవరో మీరే కనిపెట్టండి.

అలిపిరి మనకు తెలిసిందే. కొండకు నడిచిపోయేవాళ్ళు మొదటి మెట్టుకు మొక్కేది అక్కడే. 1944లో కొండకు ఘాట్ రోడ్డు పడింది. 1954లో తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వేశారు. 2022లో తిరుపతి జిల్లా అయింది. పట్నం పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న చేలు ఇంటి జాగాలయినాయి. ఎకరాల్లో చెప్పుకునే నేలను ఇప్పుడు అంకణాల్లో చెప్పుకుంటున్నారు. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఒక మంచం వేస్తే నిండిపోతుంది. అంత ముక్కకూ ధర ఉంది.

అలిపిరికి దిగువన ఒక పల్లె. అక్కడ ఒక అక్కకు 75 సెంట్ల చేను. భర్త లేడు. ఆ చేనిలో వేరుశనగ పండించే ఇద్దరు బిడ్డల్ని సాకింది. చేనికి తూర్పున మామిడి తోపు ఉండేది. దాన్ని అమ్మేశారు. చెట్లు కొట్టి, జేసీబీతో దారి చదును చేస్తున్నారు.

ఒక సోమవారం పొద్దున అక్క చేనికి పోయింది. ఈశాన్యం మూల రాయి లేదు! రాయి ఉన్న చోట గుంత ఉంది. ఆగ్నేయం మూల చూస్తే అక్కడ పెద్ద మట్టికుప్ప. చేనిలోపల మాత్రం సున్నం కొట్టిన చిన్న రాళ్ళు వరసగా పాతి ఉన్నాయి.

"ఇంకెవరు? నీ మరిదే పీకేసుంటాడు" అన్నారు ఊళ్ళోవాళ్ళు. భాగం పంచుకున్నప్పటి నుంచి వదినా మరిదికి మాటల్లేవు. అక్కకు కోపం వచ్చింది. కొంగు బిగించి మరిది ఇంటికి బయలుదేరింది.

దారిలో చదువుల కేంద్రంలో పక్కన కూర్చునే చెల్లెలు కనపడింది.

"ఆగక్కా. మీ మరిది చేను యాడుంది?"

"పడమట."

"పోయింది తూర్పు రాయి కదా. దాన్ని పీకితే ఆయనకు ఏమొస్తుంది?"

అక్క నిలబడిపోయింది. నిజమే కదా!

ఇద్దరూ గుంత దగ్గరికి పోయినారు. చుట్టూ పెద్ద టైర్ల జాడ. మరిదికి ఉండేది పాత సైకిలు ఒకటే.

తర్వాత అక్క పట్టాదారు పాసుపుస్తకం తీసింది. సర్వే నంబరు తానే చదివింది. ఆ నంబరుతో అర్జీ పెట్టి చేని పటం నకలు తెచ్చుకుంది. దీన్ని ఎఫ్.ఎం.బి. అంటారు. పటంలో చేని ఆకారం, రాళ్ళు ఉండే చోట్లు, రాయికీ రాయికీ మధ్య దూరం ఉంటాయి. పాత పటాల్లో ఈ దూరం లింకుల్లో ఉంటుంది. 100 లింకులు ఒక గొలుసు. గొలుసు అంటే 66 అడుగులు. ఇది తెలియక చాలామంది పటం చూసి భయపడతారు. భయపడేంత లెక్క కాదు.

అక్క పటంలో పడమటి రాయి నుంచి తూర్పు రాయికి 250 లింకులు. అంటే 165 అడుగులు. పడమటి రాళ్ళు రెండూ పదిలంగా ఉన్నాయి. అక్కడి నుంచి సున్నం రాయి దాకా టేపు పట్టి చూశారు. 143 అడుగులే వచ్చింది. 22 అడుగులు లోపలికి వచ్చేశారు! చేని పొడవు 198 అడుగులు. 22ను 198తో హెచ్చవేస్తే 4,356 చదరపు అడుగులు. అంటే 10 సెంట్లు. 121 అంకణాలు.

మరి రాయి ఏమైంది?

అది రెండు రోజులకు దొరికింది. నీళ్ళ ట్యాంకు దగ్గర ఒక జేజి గుడ్డలు ఉతుకుతా ఉంది. బండ కొత్తది. సగం నల్లగా ఉంది, సగానికి ఎర్రమట్టి పట్టింది. సబ్బు నీళ్ళు పోయేకొద్దీ దాని కొసన చెక్కిన గుర్తు బయటపడింది.

"ఇది యాడిది జేజీ?"

"మట్టికుప్పలో పడుంటే మనవడు దొర్లించుకొచ్చినాడు. బండ బాగుందే, ఏమిటికి అడుగుతావు?"

జేసీబీ డ్రైవరును అడిగితే ఒప్పుకున్నాడు. దారి చదును చేసేటప్పుడు బకెట్టుకు తగిలి రాయి లేచిందట. మట్టితో పాటే తీసుకుపోయి పోశాడట. సున్నం రాళ్ళు వేసిన మేస్త్రీ "గెనిమను చూసి పాతినాం" అన్నాడు. పొరపాటో, కావాలనో! 121 అంకణాల పొరపాటును నేనైతే అంత సులువుగా నమ్మను.

అక్క కేకలు వేయలేదు. కొలత కోసం రుసుము కట్టి సర్వేయరుకు అర్జీ ఇచ్చింది. అర్జీ మీద తేదీ వేసింది, రసీదు అడిగి తీసుకుంది. ఇరుగుపొరుగు రైతులకు నోటీసులు పోయినాయి. అందరి ముందరే కొలిచారు. మట్టికుప్ప తవ్వితే ఆగ్నేయం రాయి పాతిన చోటే ఉంది. ఈశాన్యం రాయిని మళ్ళీ నాటారు. సున్నం రాళ్ళు వెనక్కి పోయినాయి.

సర్వే రాళ్ళకు 1923 నాటి చట్టం ఉంది. పట్టా ఎవరి పేరున ఉందో, రాయిని కాపాడుకోవలసింది వాళ్ళే. ప్రభుత్వం నాటిన హద్దు రాయిని దురుద్దేశంతో పీకితే ఏడాది దాకా జైలు పడవచ్చు. 2024 జులై నుంచి అమలయిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ శిక్ష ఉంది.

కొలిచిన రోజు టేపు రెండో కొస పట్టుకుంది ఎవరనుకున్నారు? మరిదే. నోటీసు అందుకుని వచ్చి, ఏమీ మాట్లాడకుండా పట్టుకున్నాడు. అక్క మజ్జిగ చెంబు అందించింది. తీసుకున్నాడు.

జేజి మాత్రం ఊరుకోలేదు. "మీ రాయి మీరు తీసుకుంటిరి. నా గుడ్డలు దేని మీద ఉతికేది?" అని మేస్త్రీని పట్టుకుంది. సాయంత్రానికి ట్రాక్టరులో ఒక నల్లబండ తెచ్చి దించినాడు.

లెక్క చేయండి: ఒక చేని పటంలో ఒక వైపు 150 లింకులు అని ఉంది. అది ఎన్ని అడుగులు? మీ పాసుపుస్తకం తెచ్చి, సర్వే నంబరు ఏ గడిలో ఉందో పక్కన కూర్చున్న అక్కకు చూపించండి.