పని మొదలెట్టే ముందు ఎవరికి చెప్పాలి?



ఇంగ్లండ్‌లో ప్లంబింగ్, హీటింగ్ పనికి అప్రెంటిస్‌గా చేరావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పైపు కోయడం, అతకడం మీ సీనియర్ నేర్పుతాడు. ఏ పని గురించి ఎవరికి, ఎప్పుడు తెలియజేయాలన్నది మాత్రం చాలామంది ఆలస్యంగా నేర్చుకుంటారు. నువ్వు మొదట్లోనే నేర్చుకో.

అన్నిటికీ చెప్పనక్కర్లేదు. కుళాయి మార్చినా, పాత టాయిలెట్ తీసి అక్కడే కొత్తది పెట్టినా కౌన్సిల్‌తో పని లేదు. గ్యాస్ సంగతి వేరు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్నవాళ్ళే బాయిలర్ ముట్టుకోవాలి. 2009 ఏప్రిల్ 1కి ముందు ఆ బాధ్యత కోర్గీ అనే సంస్థది. కొత్త బాయిలర్ పెట్టాక 30 రోజుల్లోగా రిజిస్టర్ ద్వారా తెలియజేస్తే, ఇంటివాళ్ళకు సర్టిఫికెట్ వస్తుంది. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ లాయర్ అడిగేది ఆ కాగితమే. ఆయిల్ బాయిలర్లకు ఆఫ్టెక్, కట్టెల పొయ్యిలకు హెటాస్ అనే ఇలాంటి స్కీములే ఉన్నాయి.

వేడినీళ్ళ అన్‌వెంటెడ్ సిలిండర్ 15 లీటర్లు దాటితే అదీ తెలియజేయాల్సిన పనే. అలాంటి స్కీములో సభ్యత్వం లేనివాళ్ళు పని మొదలెట్టకముందే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కు చెప్పాలి. ఎందుకంత పట్టింపు? మూసి ఉన్న సిలిండర్‌లో ఒత్తిడి వల్ల నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. థర్మోస్టాట్ చెడిపోయి అలాగే వేడెక్కి సిలిండర్ పగిలిందంటే, ఆ నీళ్ళలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీళ్ళు ఆవిరైతే 1600 రెట్లు వ్యాకోచిస్తాయి. గోడలు నిలవవు. అందుకే 90 డిగ్రీలు దాటాక తెరుచుకునే వాల్వు, దాని కింద నీళ్ళు కారడం కంటికి కనబడేలా టన్‌డిష్, అక్కడినుంచి మనిషి మీద పడని చోటికి వెళ్ళే పైపు. సిలిండర్ పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఆ పైపు చివర ఎక్కడ తేలిందో వెళ్ళి నీ కళ్ళతో చూడు.

ఇక మనవాళ్ళ ఇళ్ళ సంగతి. ఈస్ట్‌హామ్‌లో అయినా స్లౌలో అయినా తెలుగువాళ్ళు ముందు అడిగేది హెల్త్ ఫాసెట్. 1999 నాటి వాటర్ ఫిటింగ్స్ నిబంధనల కింద గొట్టంతో ఉన్న బిడేకు ముందుగా వాటర్ కంపెనీకి తెలియజేయాలి. పది పనిదినాల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మన ఊళ్ళో యాంగిల్ వాల్వుకు నేరుగా బిగించేస్తాం. అక్కడ నీళ్ళు మేడ మీది ట్యాంకు నుంచి వస్తాయి. ఇంగ్లండ్‌లో చాలా ఇళ్ళకు వీధి మెయిన్ నుంచి నేరుగా వస్తాయి. గొట్టం జారి టాయిలెట్ నీళ్ళలో పడి ఉన్న సమయానికి వీధిలో మెయిన్ పగిలిందనుకో. ఒత్తిడి పడిపోయి పైపు ఆ మురికిని వెనక్కి లాగేసుకుంటుంది. పక్కింటి పసిపాపకు కలిపే పాలలోకీ అది వెళ్ళొచ్చు. నిబంధనలు నీటిని విభజించే తరగతుల్లో టాయిలెట్ నీళ్ళు అన్నిటికన్నా ప్రమాదకరమైన ఐదో తరగతి. నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే డబుల్ చెక్ వాల్వు మూడో తరగతి వరకే కాపాడుతుంది. గొట్టానికి విడిగా చిన్న తొట్టి పెట్టి, అందులోకి పడే నీటికీ తొట్టి నీటికీ మధ్య గాలి ఖాళీ ఉంచాలి.

“మనవాడివే కదా, ఐదు నిమిషాల పని, బిగించేయ్” అంటారు. ఒప్పుకోకు. మర్యాదగా కారణం చెప్పు, వింటారు. వంటింట్లో ఆర్‌ఓ ఫిల్టరు, నిమిషానికి 12 లీటర్లకు మించి లాగే పంపు, 230 లీటర్లు దాటిన స్నానపు తొట్టి కూడా వాటర్ కంపెనీకి ముందే చెప్పాల్సినవే. స్కాట్లాండ్‌కు వెళ్తే అక్కడి నిబంధనలు వేరు, విడిగా చదువుకో.

రేపు ఏ ఇంటికి వెళ్ళినా పనిముట్ల సంచి తెరవకముందు మీ సీనియర్‌ని అడుగు, దీన్ని ఎవరికి తెలియజేస్తున్నామని. పనయ్యాక సర్టిఫికెట్ ఇంటివాళ్ళ చేతికి అందిందో లేదో కూడా కనుక్కో.

ఇట్లు,
మామయ్య